కిస్మిస్ పొట్లంతో దోమల గదికి

సికింద్రాబాద్ చూడనివాళ్లు ఇది చదివేవారిలో తక్కువే ఉంటారు. పెళ్లికో, ఆసుపత్రికో, పరీక్షకో, బండి మారడానికో ఆ స్టేషన్లో ఎప్పుడో ఒకప్పుడు దిగే ఉంటారు. అయినా మొన్నటి నాలుగు రోజుల ప్రయాణం గురించి రాస్తున్నానంటే కారణం ఉంది. నేను వెళ్లిన గదిలోకి మీరు వెళ్లి ఉండరు. అది దోమలను పెంచే గది.

నన్ను పిలిచింది ఎస్తేరు. బందరులో మా పక్కింటి మాస్టారి కూతురు. మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. ఆ అమ్మాయి దోమల మీద డాక్టరేటు చేసి, అయిదున్నరేళ్లుగా నేరేడ్‌మెట్ దాటాక ఉన్న ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తోంది. అక్కడ కుర్ర శాస్త్రవేత్తలకు 'వృత్తిలో ఎదగడం ఎలా' అని ఒకరోజు సదస్సు పెట్టారు. తాము చేసే పనిని పత్రికలవాళ్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో నన్ను ఒక గంట మాట్లాడమన్నారు. నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివినవాణ్ణి. ఎమ్మెస్సీలో సీటొచ్చిన వారంలోనే పత్రికలో ఉద్యోగం కూడా వచ్చింది. ఒక ఏడాది చేసి చూద్దామనుకున్నాను. ముప్పై నాలుగేళ్లు చేశాను. కాబట్టి పిలవగానే బయలుదేరాను.

బండిలో

విజయవాడలో పగటిబండి ఎక్కాను. ఎదుటి సీటాయనకు నలభై అయిదేళ్లుంటాయి. నల్లటి పెట్టెను పైన పెట్టకుండా ఒళ్లో పెట్టుకున్నాడు. ఖమ్మం దాటాక నేను బందరు లడ్డు ఇస్తే పెట్టె దించకుండానే తిన్నాడు.

"అందులో ఏముందండీ, అంత అపురూపంగా?"

"మైక్రోస్కోపండి. అమ్ముతుంటాను. నేనూ పీహెచ్‌డీ చేశాలెండి. చేపల మొప్పల మీద ఆరేళ్లు. ఇప్పుడు ఏరియా మేనేజర్ని." నవ్వాడు. "చూసే పని నుంచి అమ్మే పనికి ప్రమోషనొచ్చింది."

జీతం బాగుందట, కారిచ్చారట. కాజీపేట వచ్చేదాకా తన చేపల గురించే చెప్పాడు. దిగబోయే ముందు తన కార్డు ఇస్తూ, తమ కంపెనీలో చేరడానికి ఎవరైనా తెలివైన పిల్లలుంటే చెప్పమన్నాడు. తర్వాత, నేను అడగకుండానే, "డెమో ఇచ్చేటప్పుడు ముందు నేనే ఫోకస్ సరిచేయాలి కదండీ. నెలకోసారి ఏదో ఒక కాలేజీలో చేప మొప్ప పెడతారు. అప్పుడు అవసరమైన దానికంటే ఒక్క నిమిషం ఎక్కువ చూస్తాను" అన్నాడు.

పద్మారావు నగర్

స్టేషన్ దగ్గర లాడ్జిలో సంచి పడేసి, రాత్రి భోజనానికి ఎస్తేరు ఇంటికి వెళ్లాను. మూడో అంతస్తులో రెండు గదులు. కింద కిరాణా కొట్టు. ఆ కొట్టాయన నన్ను చూసి, "సైంటిస్ట్ మేడం ఇంటికా? పైకి పొండ్రి" అన్నాడు. కాలనీలో ఆమెకు ఆ పేరుంది. ఉద్యోగం ఆర్డరు కాగితం మీద మాత్రం లేదు. అక్కడ 'ప్రాజెక్టు సిబ్బంది' అని ఉంటుంది.

రొయ్యల వేపుడు, పప్పుచారు పెట్టి, ప్రార్థన చేసుకుని తన సంగతి చెప్పింది. ఈ ప్రయాణమంతా ఆ సంగతి చుట్టూనే తిరిగింది కనుక వివరంగా రాస్తాను.

ఆమె ఉద్యోగం పదకొండు నెలల కాంట్రాక్టు. పదకొండు నెలలు అవగానే రెండు రోజులు 'బ్రేక్'. మూడో రోజు కొత్త ఆర్డరు, మళ్లీ పదకొండు నెలలు. వరసగా పనిచేసినట్టు కాగితం మీద కనబడకుండా ఉండడానికి ఆ రెండు రోజులు. కిందటేడు ఒక పెద్ద సంస్థ శాస్త్రవేత్తల పోస్టులకు ప్రకటన ఇచ్చింది. పర్మనెంటు. డాక్టరేటు తర్వాత అయిదేళ్ల అనుభవం కావాలన్నారు. గడువు తేదీ నాటికి ఎస్తేరు చేరి అయిదేళ్ల మూడు రోజులు. వాళ్లు లెక్కవేసి, మధ్యలో అయిదు బ్రేకులు, మొత్తం పది రోజులు తీసేసి, ఏడు రోజులు తక్కువని దరఖాస్తు పక్కన పెట్టారు.

"మళ్లీ ప్రకటన వేసినప్పుడు పెట్టుకోవచ్చుగా?"

"వయసు దాటిపోయింది అంకుల్. సడలింపులన్నీ కలిపినా సరే. ఇదే ఆఖరిది. ఎల్లుండి బేగంపేటలో కమిటీ ముందు చెప్పుకోమన్నారు. ఆ పది రోజులూ పనిచేసినట్టు సాక్ష్యం తెమ్మన్నారు."

"చేశావా మరి?"

నా వైపు జాలిగా చూసింది. "దోమలకు బ్రేకుండదు కదా."

గేటు దగ్గర

మంగళవారం పొద్దున సదస్సుకు బయలుదేరాను. దారిలో బండి మీద ఇడ్లీ తిన్నాను, ప్లేటు నలభై. మా ఊళ్లో అల్లం పచ్చడి వేసే చోట ఇక్కడ పల్లీ చట్నీ, దాని మీద కారప్పొడి, దాని మీద నెయ్యి. టీ ఇరవై. బందర్లో పది, కానీ ఇక్కడి కప్పులో పడే పాలు అక్కడ రెండు కప్పులకు సరిపోతాయి.

సంస్థ గేటు దగ్గర కాపలాదారు యాదగిరి. యాభై దాటినవాడు, ఇస్త్రీ చొక్కా, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. సందర్శకుల రిజిస్టరు నా ముందుకు తోశాడు. చాపంత వెడల్పు పుస్తకం. పేరు, ఊరు, ఎవరి కోసం, ఏం పని, వచ్చిన టైము, పోయిన టైము, చివర సామాను. నేను 'ఉపన్యాసం' అని రాశాను. చివరి గడి అతనే నింపాలట.

"సంచిల ఏమున్నది సార్?"

"లడ్డు. మీ మేడంకి."

"లోపటికి తిండి సామాన్ పోదు సార్. ఈడ పెట్టుర్రి, పొయ్యేటప్పుడు తీస్కపోదురు."

ఇక్కడ పన్నెండేళ్లుగా ఉన్నాడట. అతనిదీ కాంట్రాక్టే. "మూడు కంపెనీలు మారినయ్ సార్. చొక్కా మీద బిళ్ల మారింది, కుర్చీ మారలే" అన్నాడు.

బందరు ఉక్క

సదస్సుకు ఇంకా టైముందని ఎస్తేరు నన్ను దోమల గదికి తీసుకెళ్లింది. రెండు తలుపులు, మధ్యలో తెర. లోపలికి అడుగు పెట్టగానే కళ్లద్దాలు మసకేశాయి. ఒంటికి చొక్కా అంటుకుపోయింది. ఆ గాలి నాకు తెలుసు. జూన్ నెలలో వాన పడీ పడకుండా ఆగిన సాయంత్రం బందర్లో ఉండే గాలి.

"అంతే కదా అంకుల్!" అంది సంబరంగా. "ఇదే వేడి, ఇదే తేమ మిషన్లు పెట్టి నిలబెడతాం. ఇల్లు గుర్తొస్తే వచ్చి కాసేపు నిలబడతా."

తెల్లటి పింగాణీ పళ్లేల్లో నీళ్లు, వాటిలో కామాల్లాగా వంకర్లు తిరిగే లార్వాలు. వాటికి కుక్క బిస్కెట్లు, ఈస్టు కలిపిన పొడి మేత. నీళ్ల మీద తెట్టు కడితే ఊపిరాడక చచ్చిపోతాయి కనుక రోజూ చూసుకోవాలి. పక్కన దోమతెర గుడ్డ చుట్టిన బోనులు, వాటిలో రెక్కలొచ్చిన దోమలు. బోను పైన నానబెట్టిన ఎండుద్రాక్షలు వరసగా పెట్టి ఉన్నాయి. ఆడవాటికి గుడ్ల కోసం రక్తం కావాలి గానీ, మగవి ఆ తీపి పీల్చుకునే బతుకుతాయి.

ఒక బోను మీద పెన్సిలుతో 'బందరు' అని రాసి ఉంది. చదువుకునే రోజుల్లో మా వీధి చివరి కాలువలోంచి తను పట్టిన లార్వాల సంతతి. అరవై తరాలు దాటాయి. దోమల మందు వాసన కూడా తగలకుండా పెంచింది. బయట దోమలు మందుకు ఎంత మొండికేశాయో తెలియాలంటే పోల్చిచూడడానికి ఇవే ఆధారం. ఒక్క తరం తెగిందా, మళ్లీ దొరకవు.

నాకు అక్కడినుంచి కదలబుద్ధి కాలేదు. పళ్లెం మీదికి వంగి ఎంతసేపున్నానో గానీ, ఆమె పిలిచేటప్పటికి నడుము పట్టేసింది.

సదస్సులో నాకంటే ముందు మాట్లాడినాయన సూటు వేసుకుని వచ్చాడు. ప్రతి శాస్త్రవేత్తా వచ్చే అయిదేళ్లలో తానెక్కడ ఉండాలో ఇప్పుడే రాసి పెట్టుకోవాలన్నాడు. వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది. "సార్, మా ఆర్డరు పదకొండు నెలలే ఉంటుంది. మిగతా నాలుగేళ్ల నెల ఎవరి పేరు మీద రాసుకోవాలి?" హాలంతా నవ్వారు. ఆయన కూడా నవ్వి తర్వాతి స్లైడుకు వెళ్లాడు. ఎస్తేరు మాత్రం నవ్వలేదు. తను ఆ పిల్ల వయసులో ఈ హాల్లోనే ఇలాంటిది విన్నదట.

సాయంత్రం గేటు దగ్గర లడ్డు అడిగితే డబ్బాలో రెండే ఉన్నాయి.

"షిఫ్టు మారింది కదా సార్" అన్నాడు యాదగిరి, నిబ్బరంగా. రిజిస్టరు తిప్పి చూపించాడు. "చూడుర్రి, నేనేం రాసిన? లడ్డు డబ్బా ఒకటి. డబ్బా ఉన్నదా లేదా?"

ఉంది. అతను తన టిఫిను డబ్బాలోంచి ఇచ్చిన సర్వపిండి ముక్క తిన్నాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి గిన్నెకు తట్టి కాల్చింది. మా వైపు తపాలచెక్కకు అక్కలాంటిది, కారం ఎక్కువ.

చివరి గడి

ఆ రాత్రి ఎస్తేరు సాక్ష్యం కాగితాలు నా ముందు పరిచింది. బ్రేకు రోజుల్లో ఆమె ఉద్యోగి కాదు కనుక గుర్తింపు కార్డు పనిచేయదు. బయటివాళ్లలాగా రిజిస్టరులో సంతకం పెట్టి, తన గదికి తనే సందర్శకురాలిగా వెళ్లాలి. పాత రిజిస్టర్లన్నీ యాదగిరి రేకుపెట్టెలో దాచి ఉంచాడు. అందులోంచి పది పేజీలకు జిరాక్సు తీయించింది.

"మరింకేం? వచ్చినట్టు సంతకముంది కదా."

ఆమె 'ఏం పని' అన్న గడి మీద వేలు పెట్టింది. పది పేజీల్లోనూ ఒకటే మాట. వ్యక్తిగతం.

"అందరం అలాగే రాస్తాం. పని అని రాస్తే బ్రేకులో పని చేయించారని మా ప్రాజెక్టు సారు మీదికొస్తుంది. మొదటిసారి సీనియర్లు చెప్పారు, అలవాటైపోయింది. మొన్న సార్ని లెటరడిగా. 'నా రిటైర్మెంటు ముందు ఈ సంతకం అడక్కమ్మా, రిజిస్టరు కావాలంటే తీసుకెళ్లు' అన్నారు. ఆయనా ఒకప్పుడు రాత్రింబవళ్లు ఆ గదిలోనే ఉండేవారట. పెద్దాయన అయ్యాక ఫైళ్లు వదిలి రావడం కుదరడం లేదు."

అయిదేళ్ల కష్టాన్ని తన చేత్తోనే సొంతపని అని రాసుకుంది. ఎవరేమనగలరు? పత్రిక డెస్కులో పనిచేసినవాడికి కాగితాన్ని అంచు దాకా చదివే జబ్బుంటుంది. కాగితం కుడి అంచున గీత సగంలో తెగి ఉంది.

"సామాను గడి ఏదమ్మా?"

"ఏ గడి?"

"యాదగిరి నింపేది. లడ్డు రాశాడు చూడు, అది."

రిజిస్టరు జిరాక్సు కాగితం కన్నా వెడల్పు. చివరి గడి పడలేదు. ఎస్తేరు తెగిన గీత మీదికి వంగింది. మామూలు రోజుల్లో దోమల మేత స్టోరు నుంచి ఇస్తారు. బ్రేకు రోజుల్లో ఆమెకు స్టోరు ఇవ్వదు. అప్పుడు కింది కొట్లో కిస్మిస్ కొని పట్టుకెళ్లేది. గేటు దగ్గర యాదగిరి సంచి విప్పించేవాడు.

బేగంపేట

బుధవారం పొద్దున ఏడింటికే గేటు దగ్గరున్నాం. రిజిస్టర్లు బయటికి ఇవ్వనన్నాడు యాదగిరి. "ఫోటో తీసుకోండ్రి. పేజీ నేను పడ్తా" అంటూ గాలికి లేవకుండా పట్టుకున్నాడు. చివరి గడిలో వంకర తెలుగు అక్షరాలు: కిస్మిస్ పొట్లం 1, కుక్క బిస్కెట్ 1. పది పేజీల్లోనూ. పది ఫొటోల్లోనూ పేజీ మూల యాదగిరి బొటనవేలు.

"మొదట్ల నేను సుత నమ్మలే సార్. దోమలకు కిస్మిస్ ఏందీ మేడం, మా ఇంట్ల పిల్లగాండ్లకే దొర్కుతలేదంటి. రెండు నాకు పెట్టింది. గప్పటికెళ్లి గట్టిగ రాస్తున్న." ఆటో ఎక్కేటప్పుడు ఎస్తేరుతో, "పరేషాన్ గాకు మేడం. నా వేలు సుత వస్తది నీ ఎంబడి" అన్నాడు.

బేగంపేటలో మెట్రో కింద ఒక కొట్లో ఫొటోలు కాగితం మీద తీయించాం. పదకొండింటికి ఆమె కమిటీ కూర్చునే అద్దాల భవనంలోకి వెళ్లింది. నేను ఎదురుగా టీ కొట్లో కూర్చున్నాను. మెడలో కార్డులు వేసుకుని కుర్రాళ్లు, అమ్మాయిలు గుంపులు గుంపులుగా వచ్చి టీ తాగి పోతున్నారు. ఎవరి కార్డులూ రెండు రోజుల పాటు పనిచేయకుండా పోయే కార్డుల్లా కనబడలేదు. లోపల ఎలాంటివో నాకేం తెలుసు!

ఒంటిగంటకు వచ్చింది. టీ చెప్పాను.

"కమిటీలో పెద్దావిడ ఒకరున్నారు అంకుల్. ఆవిడే మొత్తం చదివారు. పది కాగితాలూ. ముందు 'ఈ వేలెవరిది?' అన్నారు. చెప్తే అందరూ నవ్వారు. తర్వాత కిస్మిస్ గడి చూసి, 'మా రోజుల్లో అరటిపండు ముక్కలు పెట్టేవాళ్లం, చీమలు పట్టేవి' అన్నారు. ఆవిడా దోమల మనిషేనట. మందు తగలని రకం ఏ ఊరిది, ఎన్నో తరం, అన్నీ అడిగారు. ఇరవై నిమిషాలు, ఇంటర్వ్యూలాగే."

"తర్వాత?"

"'నువ్వు పని చేశావని నమ్ముతున్నానమ్మా. కానీ ఆ రోజుల్లో నువ్వు పనిలో లేవు' అన్నారు. ఆర్డరు లేని రోజును అనుభవంగా లెక్కవేసే రూలు లేదట. ఆవిడ కాగితాలు వెనక్కిచ్చేటప్పుడు కాసేపు వదల్లేదు." కప్పు తిప్పింది. "ఏడు రోజులు. ఒక గుడ్డు దోమ కావడానికి కూడా అంతకన్నా ఎక్కువే పడుతుంది."

జేబులో మైక్రోస్కోపు ఆయన కార్డు ఉంది. ఇది సమయం కాదని తెలిసి కూడా తీశాను. జీతం, కారు, అన్నీ చెప్పాను. నెలకోసారి ఒక్క నిమిషం సంగతి దాచలేక అది కూడా చెప్పాను.

కార్డు అటూ ఇటూ చూసి బల్ల మీద పెట్టింది. "మంచాయనలా ఉన్నారు. కానీ ఆయన నెలకోసారి చూస్తున్నారు అంకుల్. నేను రోజూ చూస్తున్నా."

"రేపటి నుంచి?"

"ఇవాళ్టితో ఆర్డరు అయిపోయింది. రేపూ ఎల్లుండీ బ్రేకు."

ఇద్దరం మెట్రో మెట్ల దాకా నడిచాం. కార్డు బల్ల మీదే మర్చిపోయాం. తిరిగి వెళ్లేసరికి కప్పులతో పాటు తీసేశారు.

మళ్లీ గేటు

నా బండి గురువారం మధ్యాహ్నం. పొద్దున పద్మారావు నగర్ వెళ్లేసరికి ఎస్తేరు కింది కొట్లో ఉంది. కొట్టాయన అడగకుండానే కిస్మిస్ తూచాడు. రాత్రి నానబెట్టినవి ఒక డబ్బాలో ఉన్నాయి, ఇవి రేపటికట. నేనూ వస్తానన్నాను.

యాదగిరి మా ముఖాలు చూశాడు. సంచి విప్పించి, చివరి గడి నింపి, రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు.

పేరు రాసింది. ఊరు రాసింది. 'ఎవరి కోసం' అన్నచోట ఎప్పటిలాగే తన సారు పేరు. తర్వాతి గడి దగ్గర పెన్ను ఆగింది. వెనక ఎవరో స్కూటరు హారను కొట్టారు. ఆమె తొందరపడలేదు. గుండ్రటి అక్షరాలతో 'పని' అని రాసింది.

యాదగిరి కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. "మేడం, గిట్ల రాస్తే సార్‌కు తక్లీఫ్ అయితదేమో. జెర సోంచాయించు."

"ఇన్నేళ్లూ ముందూ వెనకా సోంచాయించే రాశా యాదగిరీ. ఇప్పుడు ఇది కూడా రాయనీ."

అతను రిజిస్టరు నాకిచ్చాడు. మొన్న ఉపన్యాసం అని రాసినవాణ్ణి. ఇవాళ నాకక్కడ చేయాల్సిందేమీ లేదు. మళ్లీ ఆ ఉక్కలో నిలబడాలని ఉంది, అంతే. 'వ్యక్తిగతం' అని రాశాను.

గదిలో ఆమె చేతులు వాటంతటవే కదిలాయి. తెట్టు తీసింది, నీళ్లు మార్చింది, పొడి చల్లింది. బోనుల మీది పాత ద్రాక్షలు తీసి, ఉబ్బిన కొత్తవి ఒక్కొక్కటే పెట్టింది. బందరు బోను దగ్గరికి వచ్చాక డబ్బా నా చేతికిచ్చింది. నేను ఒక ద్రాక్ష తెర మీద పెట్టాను. కాసేపటికి కింది నుంచి ఒక మగదోమ వచ్చి దానికి వేలాడింది. ఈకల్లాంటి మీసాలు. పుస్తకంలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, బతికున్నదాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

"అంకుల్, బండి తప్పిపోతుంది."

"పోతే పోనీ, ఇంకోటి ఉంటుందిలే" అన్నాను తల తిప్పకుండా.

ఇంకోటి ఉంటుందన్న మాట ఆ గదిలో అనకూడదని అన్నాక తెలిసింది. తల తిప్పి చూశాను. ఆమె విననట్టే తర్వాతి ద్రాక్ష అందుకుంది.

బయటికొచ్చేసరికి ఎండ ముదిరింది. చెమట పట్టిన చొక్కాకు సికింద్రాబాద్ గాలి చల్లగా తగిలింది. యాదగిరి పెన్ను ఇచ్చి, పోయిన టైము వేయమన్నాడు. నా వరసలో పదకొండు నలభై అని వేశాను. దాని పై వరసలో, ఎస్తేరు పేరుకు ఎదురుగా, ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.